పాత కంప్యూటరు మొరాయిస్తే పాల లెక్క పోవాలా?

(పాల సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

2022లో మన రెండు జిల్లాలూ విడిపోయి ఐదారయ్యాయి గాని, గోదావరి కాలవ నీళ్ళు తాగే గేదెలన్నీ నా లెక్కలో ఒక్క మందే. అందుచేత ఎవరిది ఏ జిల్లా అని చూడకుండా అందరికీ కలిపి చెబుతాను.

నాకు ఇచ్చిన విషయం వినడానికి ఎండుగడ్డిలా ఉంటుంది. పాత కంప్యూటరులో సిస్టమ్ ఫైలు పోతే, సీడీలో మూటగట్టి ఉన్న దానిలోంచి ఆ ఒక్క ఫైలునూ ఎలా బయటికి తీయాలి అన్నది. ఇది మెకానిక్కుల గొడవ, మనకెందుకు అనుకోవచ్చు. మనకెందుకో ముందు చెబుతాను.

గెర్బర్ పద్ధతిలో సీసాలో 10 మిల్లీలీటర్ల గంధకికామ్లం పోసి, 10.75 మిల్లీలీటర్ల పాలు పట్టి, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు కలిపి యంత్రంలో తిప్పి చూసే రోజుల్లో, వెన్న శాతం తేలేసరికి రైతు ఇంటికి వెళ్ళి పశువులకు మేత వేసుకునేవాడు. తన పాలకు ఎంత వచ్చిందో కార్యదర్శి చెబితేనే తెలిసేది. ఆ తరవాత మిషను వచ్చింది, ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది, రెంటికీ కలిపి కంప్యూటరు వచ్చింది. కాటా మీద క్యాను పెట్టగానే తూకం, మిషనులో నమూనా పెట్టగానే వెన్న శాతం, రెండూ కలిసి రేటు, చేతికి చీటీ. ఆ చీటీ నకలు కంప్యూటరు కడుపులో ఉంటుంది. పది రోజుల బిల్లు దానిలోంచే వస్తుంది. ఏడాది చివర బోనసు కూడా దానిలోంచే వస్తుంది. 150 మంది పాలు పోసే సంఘంలో, రోజుకు రెండు పూటల చొప్పున, ఒక్క బిల్లుకు 3,000 పద్దులు. అంతా జనం సొమ్ము.

ఇంకా పాత కంప్యూటర్లేమిటి, కొత్తవి కొనుక్కోకూడదా అని పట్నం కుర్రాళ్ళు అడుగుతారు. కాటా తీగె, మిషను తీగె కంప్యూటరు వెనక ఉండే 9 సూదుల సీరియల్ పోర్టులో దిగుతాయి. కొత్తగా వచ్చే కంప్యూటర్లలో చాలావాటికి ఆ పోర్టే ఉండదు. యూఎస్‌బీ నుంచి దానికి మార్చే తీగెలు దొరుకుతాయి గాని, పాత ప్రోగ్రాము వాటిని ఒప్పుకోవాలి కదా. విండోస్ 98 కోసమో, ఎక్స్‌పీ కోసమో రాసిన ప్రోగ్రాము కొత్త విండోస్‌లో ఒకచోట నడుస్తుంది, ఇంకోచోట నడవదు. రాసిన మనిషి ఎక్కడున్నాడో తెలియదు. కాబట్టి సంఘం పాత పెట్టెనే తుడుచుకుని, పూజ చేసుకుని వాడుకుంటుంది. విండోస్ 98కు కంపెనీ వారి మద్దతు 2006 జులైలో ఆగింది, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో ఆగింది. ఇంటర్నెట్టు తగిలించకుండా పాలు తూచుకోవడానికి ఆ పెట్టె చాలు. అందులో నేను తప్పు పట్టను.

కానీ ఆ పెట్టెకు వయసు వచ్చింది. మన దగ్గర పాలు పట్టే వేళకే కరెంటు పోతుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏళ్ళయి ఉంటుంది. కొబ్బరి తోటల మధ్య పిడుగు పడుతుంది, నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి తీగెల కొనలను తినేస్తుంది. డిస్కు మీద రాస్తూ ఉండగా కరెంటు పోతే ఒక ఫైలు సగంలో తెగిపోతుంది. అది లెక్కల ఫైలు కావచ్చు, విండోస్ తాలూకు ఫైలు కావచ్చు. విండోస్ తాలూకుదైతే మరునాడు పొద్దున్న స్విచ్చి వేయగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఇంగ్లీషులో రెండు వాక్యాలు వస్తాయి. ఫలానా ఫైలు లేదు లేక చెడిపోయింది, మళ్ళీ తెచ్చి పెట్టండి అని దాని భావం.

కోనసీమలో కాలవ గట్టు మీద ఉన్న ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. పేరు అనవసరం. దసరా ముందర ఒక ఉదయం అలాగే తెర నల్లబడింది. బయట క్యాన్లతో జనం బారులు తీరారు. పట్నం నుంచి మెకానిక్కును పిలిపించారు. అతను తెర వైపు ఒక్క చూపు చూసి, విండోస్ పోయింది, ఫార్మాట్ చేసి కొత్తగా వేస్తాను అన్నాడు. సరే అన్నారు. గంటన్నరలో కంప్యూటరు కొత్త పెళ్ళికూతురిలా లేచి కూర్చుంది. అందులో విండోస్ ఉంది, పాటలు వినే ప్రోగ్రాము ఉంది, పేకాట ఉంది. పాల లెక్క లేదు. ఆ బిల్లు తాలూకు ఏడు రోజుల పద్దులు, అంతకుముందు బోనసు కోసం దాచిన ఆరు నెలల పద్దులు డిస్కుతో పాటు తుడిచిపెట్టుకుపోయాయి.

తరవాత చీటీలు తెమ్మన్నారు. కొందరు ఆడవాళ్ళు చీటీలను క్యాలెండరు మేకుకు గుచ్చి దాచారు, వాళ్ళ లెక్క నిలిచింది. కొందరివి చొక్కా జేబులో ఉతుక్కుపోయాయి. లేనివాళ్ళకు గత బిల్లు సరాసరి చూసి కట్టారు. అదీ న్యాయమే అనిపిస్తుంది, అవునా? కానీ ఒక ఇల్లాలి గేదె ఆ బిల్లు మొదటి రోజునే పాలకు వచ్చింది. గత బిల్లులో ఆమె పోసిన పాలు సున్న. సున్నకు సరాసరి ఎంత? కంప్యూటరులో పోయింది ఒక్క ఫైలు, ఆమెకు పోయింది ఏడు రోజుల చంటి గేదె పాలు. ఆ ఒక్క ఫైలును పక్కనే ఉన్న సీడీలోంచి పది నిమిషాల్లో తీసి పెట్టి ఉండవచ్చు. లెక్కల జోలికి పోవలసిన పనే లేదు.

ఇప్పుడు ఆ సీడీలో ఏముందో చెబుతాను. విండోస్ అనేది వేల ఫైళ్ళ సముదాయం. వాటిని విడివిడిగా ఉన్నవి ఉన్నట్టు సీడీలో పెట్టలేదు, కుదించి మూటగట్టారు. ఎందుకంటే ఈ అలవాటు ఫ్లాపీల కాలం నాటిది. ఒక ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. 1995లో వచ్చిన విండోస్ 95ను కాస్త ఎక్కువ పట్టేలా చేసిన 13 ఫ్లాపీల్లో కూడా అమ్మేవారు. కుదించకపోతే అది ఎన్ని ఫ్లాపీలయ్యేదో ఊహించుకోండి.

కుదించడమంటే మనకు తెలిసిన పనే. శీతాకాలంలో పాలు పొంగి వచ్చినప్పుడు డెయిరీ వాళ్ళు వెన్న తీసిన పాలను పొడి చేస్తారు. నూటికి తొంభై పాళ్ళు నీరే కాబట్టి, దాదాపు 11 కిలోల పాలు ఒక కిలో పొడి అవుతాయి. ఎండాకాలంలో పాలు తగ్గినప్పుడు నీళ్ళు కలిపి మళ్ళీ పాలు చేస్తారు. ఫైలు సంగతీ అంతే, ఒక్క తేడా ఉంది. పొడి కలిపిన పాలు రుచిలో కొంత తేడాగా ఉంటాయని మన ఇంట్లో ముసలమ్మ కూడా కనిపెడుతుంది. ఫైలు అలా కాదు. మూట విప్పితే ఒక్క అక్షరం తేడా లేకుండా మొదటిదే వస్తుంది.

అదెలాగంటే, మీ పద్దు పుస్తకం చూడండి. పై గడిలో ఉన్నదే కింద మళ్ళీ రాయవలసి వస్తే ఏం చేస్తారు? డిట్టో గుర్తు పెడతారు. 1977లో ఇజ్రాయెల్ దేశపు శాస్త్రవేత్తలు జాకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ అనే ఇద్దరు ప్రకటించిన పద్ధతిలో కీలకం ఇదే. ముందు వచ్చిన ముక్కే మళ్ళీ వస్తే, ఆ ముక్క రాయకుండా, ఇన్ని అక్షరాలు వెనక్కి వెళ్ళి ఇన్ని అక్షరాలు తెచ్చుకో అని చిన్న గుర్తు పెడతారు. విప్పేటప్పుడు గుర్తు ఉన్నచోటల్లా వెనక్కి వెళ్ళి తెచ్చి నింపుతారు. విండోస్ మూటల్లోనూ, జిప్ ఫైళ్ళలోనూ ఉన్నది ఈ వంశపు పద్ధతులే. డిట్టో గుర్తుల పుస్తకాన్ని అలాగే పట్టుకెళ్ళి ఆడిటరు ముందు పెడితే అతనికి అర్థమవుతుంది గాని, కంప్యూటరు ఆడిటరు కాదు. మూటగట్టిన ఫైలును విప్పకుండా ఉన్నపళంగా సిస్టమ్ ఫోల్డరులో పడేస్తే అది పనిచేయదు. విప్పి పెట్టాలి. సగం మంది తెలియక చేసే పొరపాటు ఇదే.

మూటలు రెండు రకాలు. మొదటిది ఒక్క ఫైలుకు ఒక్క మూట. ఫైలు పేరులో చుక్క తరవాత మూడు అక్షరాలుంటాయి కదా, అందులో చివరి అక్షరం తీసేసి దాని చోట కింద గీత పెడతారు. చుక్క తరవాత డి, ఎల్, ఎల్ అని ఉండవలసిన చోట డి, ఎల్, కింద గీత ఉంటే అది మూటలో ఉన్నదన్న మాట. పాత డాస్ ఫ్లాపీల్లోనూ, ఎక్స్‌పీ సీడీలోనూ ఇలాగే ఉంటుంది. రెండోది క్యాబ్. క్యాబినెట్ అన్నమాటకు కురచ రూపం, మన బీరువా. ఒక్కొక్క బీరువాలో ఎన్నో ఫైళ్ళు సర్ది ఉంటాయి. విండోస్ 98 సీడీ నిండా ఇవే.

మూట విప్పబోయే ముందు రెండు మాటలు. మొదటిది, ఏ పని మొదలుపెట్టక ముందే లెక్కల ఫోల్డరుకు నకలు తీయించండి. పెట్టె లేవనప్పుడు నకలు ఎలా తీస్తారని అడగవచ్చు. డిస్కును ఊడదీసి వేరే మంచి కంప్యూటరుకు తగిలిస్తే, విండోస్ లేవకపోయినా లోపలి ఫైళ్ళు మామూలుగా కనబడతాయి. మీ ఊరి మెకానిక్కుకు ఇది తెలుసు. తెలియదంటే అతనికి పెట్టె అప్పగించకండి. డిస్కులోంచి టక టక చప్పుడు వస్తుంటే మాత్రం మళ్ళీ మళ్ళీ స్విచ్చి వేయకుండా ఆపేయండి. అది ఫైలు జబ్బు కాదు, డిస్కు జబ్బు.

రెండోది, తెర మీద వచ్చిన ఇంగ్లీషు వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోండి. సెల్‌ఫోనులో ఫొటో తీసుకుంటే మరీ మంచిది. ఏ ఫైలు పేరు చెప్పిందో దాన్నిబట్టే వైద్యం. ఎక్స్‌పీలో ఎన్‌టీఎల్‌డీఆర్ లేదు అని వస్తే, కంగారు పడకుండా ముందు ఫ్లాపీ గాని పెన్‌డ్రైవు గాని పెట్టి మరచిపోయారేమో చూడండి. కంప్యూటరు దానిలోంచి లేవబోయి, అందులో ఏమీ లేక అలా అంటుంది. పెన్‌డ్రైవు పీకితే నయమయ్యే జబ్బుకు డిస్కు ఫార్మాట్ చేయించుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇక విండోస్ 98 పెట్టెల సంగతి. వాటికి స్టార్టప్ ఫ్లాపీ అని ఒకటి చేసుకునే వీలుంది. దానితో పెట్టెను లేపితే నల్ల తెర వస్తుంది. ఎక్స్‌ట్రాక్ట్ అనే చిన్న ప్రోగ్రాము ఆ ఫ్లాపీలోనే ఉంటుంది. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఆ ఫ్లాపీ తన పనిముట్లు పెట్టుకోవడానికి జ్ఞాపకశక్తిలోనే ఒక ఉత్తుత్తి డ్రైవు సృష్టిస్తుంది. దాంతో సీడీ డ్రైవు అక్షరం ఒకటి ముందుకు జరుగుతుంది. రోజూ డి అయినది ఆ పూట ఇ అవుతుంది. డి అని కొట్టి, సీడీ చెడిపోయిందని తేల్చేసిన వాళ్ళను నేను చూశాను. ఎక్స్‌ట్రాక్ట్ అని కొట్టి, అన్ని బీరువాలూ వెతకమని ఏ అక్షరంతో ఒక స్విచ్చి ఇచ్చి, సీడీలో మొదటి క్యాబ్ పేరు, కావలసిన ఫైలు పేరు, ఎల్ అక్షరంతో స్విచ్చి ఇచ్చి చేర్చవలసిన ఫోల్డరు పేరు చెప్పాలి. ఏ బీరువాలో ఉందో మనం వెతకనక్కరలేదు, అది వరసగా వెతుక్కుంటుంది. పెట్టె ఎలాగో లేచి, లోపల ఏదో ఒక ఫైలు మాత్రమే చెడితే ఇంత శ్రమ కూడా లేదు. విండోస్ 98లోనే సిస్టమ్ ఫైల్ చెకర్ అని ఉంది, ఒక్క ఫైలును సీడీ నుంచి తెచ్చి పెట్టమని దానికే చెప్పవచ్చు.

ఎక్స్‌పీ పెట్టెలు ఇంకా మన దగ్గర ఎక్కువ కాబట్టి వాటి దగ్గర కాస్త ఆగుతాను. సీడీ పెట్టి లేపితే ఒక తెరలో, కొత్తగా వేయాలా, మరమ్మతు చేయాలా అని అడుగుతుంది. మరమ్మతుకు ఆర్ అక్షరం కొట్టాలి. రికవరీ కన్సోల్ అనే నల్ల తెర వస్తుంది, అడ్మినిస్ట్రేటరు సంకేతపదం అడుగుతుంది. ఇక్కడే సగం సంఘాల పని ఆగిపోతుంది, ఎందుకంటే ఆ సంకేతపదం పెట్టింది మూడో కార్యదర్శికి ముందున్న కార్యదర్శి. దాన్ని తీర్మానాల పుస్తకంలో రాసి ఉంచమని కాదు, అధ్యక్షుల వారి దగ్గర కవరులో సీలు వేసి ఉంచండి. లోపలికి వెళ్ళాక మ్యాప్ అని కొడితే సీడీ ఏ అక్షరమో చెబుతుంది. ఆపైన ఎక్స్‌పాండ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సీడీలో ఐ, మూడు, ఎనిమిది, ఆరు అనే ఫోల్డరులో ఉన్న కింద గీత ఫైలు పేరు, మళ్ళీ ఖాళీ, చేరవలసిన ఫోల్డరు పేరు కొట్టాలి. చాలా ఫైళ్ళకు అది విండోస్ లోపలి సిస్టమ్ 32 ఫోల్డరు. మూట విప్పుకుని ఫైలు అక్కడ కూర్చుంటుంది. ఎన్‌టీఎల్‌డీఆర్ మాత్రం సీడీలో మూటగట్టకుండానే ఉంటుంది, దాన్ని ఊరికే కాపీ చేస్తే చాలు.

హాల్ ఫైలు దగ్గర మాత్రం జాగ్రత్త. తెర మీద తరచుగా కనబడే పేరు ఇదే. సీడీలో ఈ ఫైలుకు అన్నదమ్ములు అరడజను మంది ఉన్నారు. మదర్‌బోర్డును బట్టి వాళ్ళలో ఒకరిని ఎంచి, హాల్ అని పేరు మార్చి పెట్టి ఉంటుంది విండోస్. అది చూసుకోకుండా హాల్ అన్న పేరున్న మూటనే విప్పి పెడితే పెట్టె లేవకపోవచ్చు. విండోస్‌లోని రిపేర్ అనే ఫోల్డరులో సెటప్ లాగ్ అని ఒక పద్దు ఉంటుంది, మీ పెట్టెకు ఎవరిని పెట్టారో అందులో రాసి ఉంటుంది. అది చూసి తీయాలి. ఇంకో విడ్డూరం, చాలాసార్లు హాల్ ఫైలు క్షేమంగానే ఉంటుంది. విండోస్ ఏ డిస్కులో ఏ భాగంలో ఉందో చెప్పే బూట్ అనే చిన్న చిరునామా కాగితం చెడి, తప్పు ఇంటికి వెళ్ళి వెతికి, హాల్ లేదు అంటుంది. అదే నల్ల తెరలో బూట్ సీఎఫ్‌జీ అనే ఆజ్ఞతో ఆ చిరునామా మళ్ళీ రాయించవచ్చు. ముందు అది చూసి, తరవాత హాల్ జోలికి వెళ్ళమని నా సలహా.

సీడీ వయసు కూడా చూడాలి. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌పీ సీడీలోని ఫైలు, తరవాత సర్వీస్ ప్యాక్ 3 వేసిన పెట్టెకు పొసగకపోవచ్చు. పాత కాటాకు కొత్త రాళ్ళు పెట్టినట్టు. అలాంటి పెట్టెలో విండోస్ కింద సర్వీస్ ప్యాక్ ఫైల్స్ అనే ఫోల్డరు ఉంటే ముందు అక్కడ వెతకండి. చెడిన ఫైలును చెరిపేయకండి, పేరు మార్చి పక్కన ఉంచండి.

సీడీ గీతలు పడి ఒక మూట చదవకపోతే? క్యాబ్ మూటల్లో ఒక సదుపాయం ఉంది. ప్రతి ముక్కకూ సరిచూసుకునే అంకె ఒకటి రాసి ఉంటుంది, అది కలవకపోతే విప్పనని చెప్పేస్తుంది. క్యాను సీలు తెగితే డెయిరీలో దించుకోనట్టు. అప్పుడు పక్క సంఘం వాళ్ళ అదే రకం సీడీ అడిగి తెచ్చుకోండి. సహకార సంఘాలం కదా, ఆ మాత్రం సహకారం ఉండాలి. కొత్త విండోస్ ఉన్న కంప్యూటరులోనూ ఎక్స్‌పాండ్ ఆజ్ఞ ఉంది, సెవెన్ జిప్ అనే ఉచిత ప్రోగ్రాముతో మౌసుతోనే విప్పవచ్చు. ఊడదీసిన డిస్కు నకలు కోసం ఎలాగూ అక్కడే ఉంటుంది గనక, ఫైలు అక్కడే విప్పి దానిలో పెట్టి, మళ్ళీ మీ పెట్టెలో బిగించుకోవచ్చు. నా అనుభవంలో అన్నిటికన్నా ఇదే తేలిక. ఇంటర్నెట్టులో ఒక్కొక్క డీఎల్‌ఎల్ ఫైలూ ఉచితంగా ఇస్తామనే చోట్ల నుంచి మాత్రం తీసుకోకండి. అమ్మేవాడి పశువు ఏ సంతలోదో తెలియకుండా కొనరు కదా.

విండోస్ 7 గాని, ఆ తరవాతవి గాని ఉన్న సంఘాలకు ఒక్క మాట. అక్కడ మూట పద్ధతి మారింది. అంతా కలిపి విమ్ అనే ఒక్క పెద్ద గాదె. ఎస్‌ఎఫ్‌సీ అనే ఆజ్ఞ తనే వెతికి తనే సరిచేస్తుంది, చేయలేకపోతే ఆ గాదెలోంచి సెవెన్ జిప్‌తో తీయవచ్చు. మిగతా జాగ్రత్తలు అవే.

పాలకవర్గ సభ్యులకు నా కోరిక. విండోస్ సీడీ, లెక్కల ప్రోగ్రాము సీడీ, 98 అయితే స్టార్టప్ ఫ్లాపీ, ఇవి కార్యదర్శి ఇంట్లో కాకుండా సంఘం బీరువాలో, పై అరలో ఉండాలి. పై అర అని ఎందుకన్నానో 1986 ఆగస్టు వరద, 2022 జులై వరద చూసిన వాళ్ళకు చెప్పనక్కరలేదు. వాటికి రెండో ప్రతి చేయించి, అవన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కించండి, కార్యదర్శి మారినప్పుడు క్యాన్లతో పాటు లెక్క చూసి అప్పగించుకోండి. ప్రతి బిల్లు అయిన రోజున లెక్కల ఫోల్డరు పెన్‌డ్రైవులోకి నకలు తీసి అధ్యక్షుల వారికి ఇవ్వండి. మెకానిక్కు వచ్చినప్పుడు, ఫార్మాట్ అన్న మాట వినబడితే పాలకవర్గంలో ఇద్దరి సంతకాలు లేనిదే చేయనివ్వకండి. ఇందుకు ఒక తీర్మానం చేసుకుంటే చాలు. సభ్యులు కూడా, ముఖ్యంగా అక్కచెల్లెళ్ళు, చీటీలను ఆ క్యాలెండరు మేకుకే గుచ్చండి. వేడి తగిలితే ఆ కాగితం మీది అచ్చు వెలిసిపోతుంది, పొయ్యి గోడకు మాత్రం వద్దు.

భోజనాల తరవాత పక్క గదిలో ఒక ఎక్స్‌పీ పెట్టె, ఒక 98 పెట్టె పెట్టాం. రెండిట్లోనూ ఒక్కొక్క ఫైలు కావాలనే తీసేశాం. మీ సంఘాల సీడీలు తెచ్చినవాళ్ళు వాటితోనే ప్రయత్నించండి, తేనివాళ్ళకు మా దగ్గర ఉన్నవి ఇస్తాం. ఒక్కొక్క జట్టుకు అరగంట. సాయంత్రం పాలు పట్టే వేళకు ఊళ్ళకు చేరాలి గనక, కోనసీమ వైపు వాళ్ళు ముందు కూర్చోండి.